సుంకమ్మ వంతు పాట

సుంకమ్మ పేరెత్తితే చాలు, మా ఊళ్ళో ముందు ‘పాపం’ అంటారు, మిగతా మాట తర్వాత. అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం అనిపించుకోవాల్సిన వాళ్ళు ఆ ఊళ్ళో చాలామందే ఉన్నారు, మా నాయనతో మొదలుపెట్టవచ్చు. సుంకమ్మకు ఆ అవసరం లేదు. ఓబుళేసుకూ లేదు. వాడికి చిన్నప్పుడు జ్వరం వచ్చి ఒక కాలు సన్నబడింది, కర్ర పట్టుకుని ఎగిరెగిరి నడుస్తాడు కాబట్టి వాడినీ పాపం అంటారు. వాడి పాట ఒక్కసారి విన్నవాళ్ళు మాత్రం ఆ జాలిని తమకోసమే దాచుకుంటారు.

వాళ్ళ కథ నడిచింది మా ఇంటి పంచలో, నా నులకమంచం ముందర. పందొమ్మిదివందల యాభై ఏడో, ఎనిమిదో. నేను రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నాను. లేవాలంటే పక్కన ఒకరు పట్టుకోవాలి. అలాంటి మనిషికి చూడటం తప్ప వేరే పని ఉండదు, కాబట్టి నేను చూసినంత బాగా ఎవరూ చూసి ఉండరు.

మా ఊరు గోరంట్లకు ఇవతల. ఎర్రనేల, దాని మీద వాన దయ. శనక్కాయలను మా వైపు బుడ్డలంటారు. విత్తనానికి బుడ్డలు వలవాలంటే చేతులే దిక్కు. మరలో పోస్తే గింజ పగులుతుంది, పగిలిన గింజ మొలవదు. ముందుగా వలిచి పెట్టుకుందామా అంటే పురుగు పడుతుంది. అందుకని మృగశిర కార్తె దగ్గర పడేసరికి ఊరి ఆడవాళ్ళంతా రైతుల పంచల్లో చేరి, బుడ్డ మూతిని బొటనవేలితో నొక్కుతూ పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా వలుస్తారు. అంతకు ముందటేడు పంట ఎండిపోయింది. ఇంట్లో పలచటి అంబలి తాగి వచ్చిన మనుషుల ముందు కుప్పలు కుప్పలుగా బుడ్డలు పోసి, ఒక్కటీ తినవద్దంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

మా నాయన సోమప్ప దానికి ఒక మందు కనిపెట్టాడు. వలిచేవాళ్ళంతా పాడుతూనే ఉండాలి. “పాడే నోరు నమల్లేదు” అనేది ఆయన సిద్ధాంతం. ఎవరి పాట ఆగినా ఆయన లోపలి నుంచి దగ్గేవాడు. ఆ దగ్గు వినిపిస్తే ఆగిన గొంతు మళ్ళీ లేచేది. పంచకు ఒక కొసన రామ భజన, ఇంకో కొసన క్రైస్తవుల వాడ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళ ప్రార్థన కీర్తన, నడుమ ముసలి మారెక్క విసుర్రాతి పాట. వీధిలో పోయే కొత్తవాళ్ళు మా ఇంట్లో పెళ్ళనుకుని తొంగి చూసేవాళ్ళు. నేను ఇంటి ఆడబిడ్డను కాబట్టి నాకు పాట నియమం లేదు. కుప్పలో చెయ్యి పెట్టి తింటూ ఉండేదాన్ని, మా నాయన నా చెయ్యి చూసి నిట్టూర్చేవాడు.

ఆ పంచకు ఒక పొద్దున హనుమక్క తన కూతురు సుంకమ్మను మణికట్టు పట్టుకుని తీసుకొచ్చింది. పిల్లకు పదిహేడేళ్ళు. అంతకు ముందు ఏడు ఆ పిల్ల నవ్వితే మా గొడ్లచావిట్లో దూడ బెదిరేది. చలికాలంలో మొదట నవ్వు ఆగింది, తర్వాత తల దువ్వుకోవడం ఆగింది, చివరికి మాట ఆగింది. ఎవరైనా చచ్చిపోయి ఉంటే, ఎవరైనా కొట్టి ఉంటే ఊరికి అర్థమయ్యేది. ఏమీ జరగకుండానే మనిషి అలా లోపలికి పోవడం ఊరికి అర్థం కాలేదు, అందుకని దయ్యమన్నారు. అర్థం కాని ప్రతిదానికీ మా ఊళ్ళో ఒక దయ్యం సిద్ధంగా ఉంటుంది.

“సోమప్పన్నా, పాప చేతులు బాగుండాయి. కూర్చుండబెట్టుకో” అన్నది హనుమక్క.

“చేతులు సరే. నోరో? నోరు మూసుకోని కూర్చునే మనిషి లోపల ఏం చేస్తాందో నాకెట్ల తెలియల్ల?” అన్నాడు మా నాయన.

“అది కూడే సరిగా తినల్యా, నీ బుడ్డలు తింటాదా?”

“పాట లేకపోతే పని లేదు. అందరికీ ఒకటే న్యాయం.”

హనుమక్క కళ్ళు తుడుచుకుంది. అప్పుడు గోడవార నుంచి ఓబుళేసు గొంతు వినిపించింది. వాడు గొర్రెల ఈరన్న కొడుకు, సుంకమ్మ కంటే ఒక ఏడు పెద్ద. వాడిని గొర్రెల వెంట పంపితే గొర్రెలే వాడిని ఇంటికి తోలుకొచ్చేవి. అందుకని ఈరన్న విసుగెత్తి ఆడవాళ్ళ మధ్య బుడ్డలు వలవడానికి పంపాడు.

“సోమప్ప మామా, ఆ పిల్ల వంతు పాట గూడా నేనే పాడతా.”

మా నాయన ఆలోచించాడు. ఒకే కూలికి రెండు పాటలు. బేరం ఆయనకు నచ్చింది. “అయితే ఆ పిల్లకు ఎదురుగ్గా కూర్చో. దవడ కదిలితే నాకు చెప్పల్ల” అన్నాడు.

ఆ రోజుతో నా చెవులకు కష్టం మొదలైంది. ఓబుళేసుకు శ్రుతి, లయ ఏదీ లేదు. ఉన్నదంతా గట్టితనమే. పైగా వాడు మాట తప్పని మనిషి, ఇద్దరి వంతు పాడతానన్నాడు కాబట్టి నిజంగానే రెండు గొంతులతో పాడేవాడు. తన వంతు లావు గొంతుతో, సుంకమ్మ వంతు పిల్లి తోక తొక్కినట్టు సన్న గొంతుతో. మాటలూ వాడే కట్టేవాడు.

“ఎర్రనేల దారిలోన ఎవరొస్తారమ్మా” అని లావు గొంతుతో అడిగి, “ఓబుళేసు బావ వస్తే ఊరికే వెలుగమ్మా” అని సన్న గొంతుతో తనే జవాబు చెప్పుకునేవాడు. వాడు ఒడ్డూ పొడుగూ ఉన్నవాడని, వాడి కర్ర రాజుగారి కత్తి లాంటిదని, అలాంటి మొగవాడు చిలమత్తూరు దాకా వెతికినా దొరకడని, ఇవన్నీ సుంకమ్మ అన్నట్టుగా పాడేవాడు. ఆడవాళ్ళు నవ్వలేక పొట్టలు పట్టుకునేవాళ్ళు. నవ్వితే పాట ఆగుతుంది, పాట ఆగితే మా నాయన దగ్గుతాడు. సుంకమ్మ మాత్రం తల వంచుకుని వలుస్తూ ఉండేది. ఆమె చెవిలో ఆ మాట పడుతోందో లేదో కూడా తెలిసేది కాదు.

ఒకనాడు నీళ్ళు తాగే వేళ హనుమక్క నా మంచం పక్కన కూలబడింది. “నాగీ, ఈ అమావాస్యకు పాపను కొండకింద పూజారి దగ్గరికి పిల్చుకపోతా. ఆయప్ప గొలుసేసి గుంజకు కట్టేసి, చింతబరికెతో నాలుగు తగిలిస్తే దయ్యం నోరు తెరుస్తాదంట” అన్నది.

మా ఊరి నారాయణమ్మను అక్కడికే తీసుకుపోయారు. ఆమె తిరిగి వచ్చాక తలుపు గొలుసు చప్పుడైనా గాదె వెనక్కి పోయి దాక్కునేది. ఆ సంగతి సుంకమ్మకూ తెలుసు. హనుమక్క చెడ్డది కాదు, తాయెత్తులు కట్టించింది, పీర్ల చావిట్లో ఊదు వేయించింది, ఆమెకు తోచే దారులన్నీ అయిపోయాయి. నేను వద్దని తిట్టాను. బాలింత కాబోయేదాని తిట్లు ఎవరు పట్టించుకుంటారు?

ఓబుళేసు కర్ర ఆనించుకుని దగ్గరికి వచ్చాడు. “అత్తా, అమావాస్య లోపల ఒక్క మాట మాట్లాడితే పోవు గదా?”

“ఒక్క మాట మాట్లాడితే ఎందుకు పోతానురా? కాకపోతే ఆ పూజారి దగ్గరికే, ఇంగ ఆగను.”

“అయితే మాట్లాడతాది.”

హనుమక్క పోయాక వాడిని అడిగాను. “ఎందుకురా నీకీ బాధ? ఆ పిల్ల నీ మొహం కూడా చూడలేదు.”

“నాకు కాలు పడిపోయినప్పుడు అందరూ లెయ్యి, లెయ్యి అని ఒగటే తొందర పెట్టిరక్కా. ఎవురూ పక్కన కూర్చోల్యా. నడిచేటోళ్ళకు యాడికో పోయేది ఉంటాది. నేను యాడికి పోతా? ఆ పిల్ల ఎంతసేపు కూర్చుంటే అంతసేపు కూర్చుంటా.” అని, కర్ర సర్దుకుని, “మొహం గూడా బాగుంటాది గదా” అన్నాడు సిగ్గు లేకుండా.

ఆ తర్వాత నేను ఇంకా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను. కర్ర మీద ఒరిగి ఒరిగి ఓబుళేసు కుడి అరచెయ్యి పగిలి ఉండేది, గట్టి బుడ్డ నొక్కితే నెత్తురు చిమ్మేది. ఒక మధ్యాహ్నం సుంకమ్మ చెయ్యి మెల్లగా వాడి కుప్పలోకి పోయి, గట్టి బుడ్డలను ఏరి తన వైపు లాక్కుని, మెత్తవి వాడి వైపు తోసింది. తల ఎత్తలేదు. వాడు చూడనట్టే పాడుతూ పోయాడు, కానీ సన్న గొంతు ఒకసారి వణికింది. మర్నాడు ‘ఓబుళేసు బావ నవ్వితే ముత్యాలు రాలునమ్మా’ అన్న చోట ఒక బుడ్డ పొట్టు ఎగిరి వచ్చి వాడి ముక్కుకు తగిలింది. మారెక్క విసిరిందేమో అనుకున్నారు అందరూ. మారెక్క చేతులు నాకు కనబడుతూనే ఉన్నాయి.

ఇంకో పొద్దున సుంకమ్మ తల దువ్వుకుని వచ్చింది. జడ వంకరగా ఉంది, పాపిడి సగంలోనే తప్పిపోయింది, అయినా దువ్వుకుంది. ఓబుళేసు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, వాడి రెండు గొంతులూ ఒకేసారి మూగబోయాయి. మా నాయన లోపల నుంచి దగ్గీ దగ్గీ చివరికి బయటికే వచ్చి, “ఏమప్పా, పాట యాడికి పోయ?” అని అడగాల్సి వచ్చింది.

కానీ మాట రాలేదు. అమావాస్య ముందురోజు వచ్చింది. హనుమక్క బండి మాట్లాడింది, నల్లకోడిని గంప కింద మూసింది. ఓబుళేసు ఆ పొద్దున గొంతు చించుకుని పాడాడు. తనను తాను పొగుడుకోవడానికి మాటలు చాలక, నా కడుపును, మా నాయన తలపాగాను, చివరికి గంప కింద కోడిని కూడా పాటలోకి ఎక్కించాడు. నేను దిండు చెవులకు అడ్డం పెట్టుకున్నాను. ఎండ నడినెత్తికి వచ్చే వేళ ఆ పాట ఉన్నట్టుండి మధ్యలో ఆగిపోయింది. దేవుడున్నాడు అనుకుని దండం పెట్టుకున్నాను.

అదే సమయానికి మా నాయన ఒక పింగాణీ గిన్నె, ఒక చెంబు నీళ్ళు పట్టుకుని పంచలోకి వచ్చాడు. బస్తా బుడ్డలకు రావాల్సినంత విత్తనం రావడం లేదని ఆయనకు అప్పటికే అనుమానం పట్టుకుంది.

“అందరూ పుక్కిలించి దీంట్లో ఉమ్మండి” అన్నాడు.

నీళ్ళంటే ప్రాణం పెట్టే మనిషి, మా బావి అడుగున బురద కనబడే రోజుల్లో చెంబెడు నీళ్ళు పుక్కిలించడానికి ఇచ్చాడంటే కోపం ఎంతుందో తెలుసుకోండి. ఉమ్మిన నీళ్ళు కూడా కుడితి తొట్టిలో పోయమని ముందే చెప్పాడు.

మొదట మారెక్క. పొద్దున్నుంచి ఒక్క క్షణం పాట ఆపని మనిషి. ఆమె ఉమ్మిన నీళ్ళు పాల మాదిరి తెల్లగా ఉన్నాయి. మా నాయన గిన్నెలోకి చూసి, మారెక్కను చూసి, మళ్ళీ గిన్నెలోకి చూశాడు. తర్వాత భజన చేసే ఆమె, పాలే. ప్రార్థన కీర్తన అక్క, పాలే. చెల్లెలు, ఇంకా చిక్కటి పాలు. పాడుతూ నమిలే విద్య మా ఊరి ఆడవాళ్ళు ఎప్పుడో నేర్చుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా నమ్ముకున్న సిద్ధాంతం గిన్నెలో కరిగిపోతుంటే మా నాయన మొహం చూసి నాకు నిజంగా జాలేసింది.

సుంకమ్మ వంతు వచ్చింది. ఆమె ఉమ్మిన నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పాడని నోరు ఒక్కటే శుభ్రంగా తేలింది.

చివర ఓబుళేసు. వాడు నోరు తెరవలేదు. రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. మా నాయన వాడి గడ్డం పట్టుకుని తెరిపిస్తే లోపల గుప్పెడు విత్తనాలు, ఒక్కటీ నమలనివి.

కోపం ఎవరి మీద చూపించాలా అని వెతుకుతున్న మా నాయనకు దారి దొరికింది. ఆడవాళ్ళను పంపిస్తే రేపు వాన పడితే విత్తనం లేదు. కుంటివాడు పోతే పోయేదేమీ లేదు. “అందరికంటే పెద్ద దొంగవు నువ్వే. లెయ్. రేపట్నుంచి ఈ గడప తొక్కొద్దు” అన్నాడు.

ఓబుళేసు తల అడ్డంగా ఊపాడే కాని మాట్లాడలేదు. మాట్లాడాలంటే ఉమ్మాలి, లేదా మింగాలి. వాడు రెండూ చెయ్యలేదు. కర్ర కోసం చెయ్యి చాచాడు.

“వాడు తినల్యా.”

ఆ గొంతు బొంగురుగా, తుప్పు పట్టినట్టు ఉంది. ఎవరిదో మాకు వెంటనే తెలియలేదు. సుంకమ్మ నిలబడి ఉంది.

“వాడు తినల్యా. నేనే కుక్కినా వాని నోట్లో.”

“ఎందుకు కుక్కితివి?” అన్నాడు మా నాయన. ఊరంతా ఎదురుచూసిన మాట వచ్చిందన్నది ఆయన బుర్రకు ఎక్కలేదు, ఆయనకు విత్తనాల లెక్కే ముఖ్యం.

“ఆ పాట వినలేక.” సుంకమ్మ గొంతు సవరించుకుంది. “పొద్దున్నుంచి ఒగటే అరుపు. చెవులు పోతాండాయి. నేను అన్నట్టు పాడతాడే, వాన్ని అందగాడని నేను యాడంటి? రాజు కత్తి అని నేనెప్పుడంటి? చూడండి ఆ కర్రను. చీపురు కట్ట నయం.”

పంచలో ఒక్క గొంతూ లేవలేదు. లోపలి నుంచి దగ్గేవాడు కూడా బయటే ఉన్నాడు. ఓబుళేసు నవ్వబోయాడు, నోటి నిండా విత్తనాలుంటే నవ్వు ఎలా వస్తుంది, పొలమారింది. మారెక్క వాడి వీపు మీద గట్టిగా చరిచింది. విత్తనాలన్నీ మా నాయన కాళ్ళ మీద పడ్డాయి.

హనుమక్క పరుగెత్తి వచ్చి కూతురిని పట్టుకుని ఏడ్చింది. “ఇంగోసారి మాట్లాడు తల్లీ.”

“ఆ కోడిని ఇడ్సు” అన్నది సుంకమ్మ.

నేను ఏడ్చాను. కడుపులో బిడ్డ తన్నుతున్నా, మారెక్క నన్ను చూసి నవ్వుతున్నా ఏడుపు ఆపుకోలేదు.

తర్వాత ఓబుళేసును అడిగాను, ఎందుకురా ఉమ్మలేదని. “నమిల్తే ఇత్తనం దొంగతనమాయ. ఉమ్మితే ఆ పిల్ల పెట్టింది గదక్కా” అన్నాడు.

మా నాయన ఆ పిల్లకు తన పింగాణీ గిన్నె వల్లే నయమైందని ఊరంతా చెప్పుకున్నాడు. పాట మీద నమ్మకం పోయి కొత్త నియమం పెట్టాడు, వలిచేవాళ్ళంతా నోటి నిండా నీళ్ళు పోసుకుని కూర్చోవాలి. శుభ్రమైన నోరని తేలింది కాబట్టి సుంకమ్మకు ఒక్కదానికే మినహాయింపు. దాంతో మూగపిల్ల తప్ప మిగతా పంచంతా మూగబోయింది. ఎండకు దాహమేసి ఆడవాళ్ళు ఆ నీళ్ళు మింగడం, మళ్ళీ కావాలనడం, బావి ఇంకా అడుక్కి పోవడం చూసి, ఆయన తన పాత సిద్ధాంతానికే దండం పెట్టాడు.

మరుసటేడు పంట చేతికి వచ్చాక పెళ్ళి మాట వచ్చింది. వరస కుదిరింది. తన కొడుకు ఒక పిచ్చిదాన్ని ఉద్ధరిస్తున్నాడని ఈరన్న అనుకున్నాడు, తన కూతురు ఒక కుంటివాణ్ణి ఉద్ధరిస్తోందని హనుమక్క అనుకుంది. ఉపకారం చేసిన గర్వం ఇద్దరికీ దక్కింది కాబట్టి ఏ గొడవా లేకుండా జరిగిపోయింది. సుంకమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది, తన మాదిరిగా సన్న గొంతుతో పాడకూడదని. “నువ్వు మాట్లాడినన్ని దినాలు పాడను” అని ఓబుళేసు పసుపు బట్టల్లోనే ఒట్టేశాడు.

ఆ తర్వాత నాలుగైదేళ్ళకు నేను మళ్ళీ ఊరికి వచ్చాను. అప్పటికి పందొమ్మిదివందల అరవైల్లోకి పడ్డాం. ఒకనాడు సాయంత్రం పలకరించి వద్దామని వాళ్ళ ఇంటి వైపు నడుస్తుంటే, సందు మలుపులోనే పాట వినబడింది. లావు గొంతు, వెంటనే సన్న గొంతు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వాడు ఒట్టు తప్పే మనిషి కాదు.

ఓబుళేసు గడప మీద కూర్చుని ఉన్నాడు, కర్ర వాకిలికి అడ్డంగా పెట్టుకుని. హనుమక్క మళ్ళీ కొండకింద పూజారి మాట ఎత్తిందట, వీడేమో ఆ కర్ర దాటి రమ్మన్నాడట. లోపల గోడకు ఆనుకుని సుంకమ్మ. తల రేగి ఉంది. ఒడిలో వేయించిన బుడ్డల గంప, చేతులు వాటంతటవే వలుస్తున్నాయి. నన్ను చూసింది, గుర్తుపట్టింది, నవ్వలేదు.

“ఎన్నాళ్ళయిందిరా?” అని అడిగాను.

“ఉగాది నుంచి.”

“ఎప్పుడు మాట్లాడుతుందో?”

“ఏం తొందరక్కా. నేను యాడికి పోతా?” అని వాడు మళ్ళీ అందుకున్నాడు. ఓబుళేసు బావ అందం చంద్రుడికి కూడా లేదని సన్న గొంతు తీశాడు. ఈ ఏళ్ళలో ఆ గొంతు ఇంకా పాడైంది.

సుంకమ్మ తల ఎత్తకుండానే ముందుకు వంగి, గుప్పెడు గింజలు తీసి వాడి నోట్లో కుక్కింది. అవి విత్తనానివి కావు. వాడు తీరిగ్గా నమిలి, మింగి, మళ్ళీ నోరు తెరిచాడు. పాటకో, బుడ్డలకో నాకు తెలియలేదు. సుంకమ్మ చేతిలో మాత్రం ఇంకో గుప్పెడు సిద్ధంగా ఉంది.